నీళ్లు ఎన్నాళ్లున్నాయి?

నల్లగొండ వైపు ఒక ఊళ్లో, బోరు కింద సాగయ్యే వరి మడి గట్టు మీద నిలబడి, చేతిలోని ఫారం చూసి అడిగాను. "తాతా, మడిలకెంచి నీళ్లు ఎప్పుడెప్పుడు తీసేసిండ్రు?" ఆయన నా మొహాన్నీ ఆ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "తీసుడేంది సారూ, అవే పోయినయ్. మోటరు కాలి ఐదు రోజులు కూసున్నం. నెర్రెలు బారింది మడి."

మా ఫారంలో "నీరు తీసిన తేదీ" అనే గడి ఉంది. నీరు దానంతటదే పోతే రాసుకోవడానికి మాత్రం చోటు లేదు. అప్పటికే యాభై అరవై ఫారాల్లో ఆ గడి ఖాళీగా వచ్చింది. ఖాళీగా వచ్చిన ప్రతిదాన్నీ మేం కంప్యూటర్లో "సీజనంతా నీరు నిల్వ" అని నింపేశాం. నింపినవాడిని నేనే. ఆ తర్వాత నెల రోజులు ఆ అంకెల మీద మీథేన్ మోడల్ నడిపాను. గ్రాఫులు ఎంతో అందంగా వచ్చాయి.

వరి పొలాల నుంచి వచ్చే మీథేన్‌ను లెక్కగట్టే పనిలోకి ఇప్పుడు కొత్తవాళ్లు బాగానే వస్తున్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ చేసినవాళ్లు, పర్యావరణ శాస్త్రం చదివినవాళ్లు, సాఫ్ట్‌వేర్ నుంచి ఇటు మళ్లినవాళ్లు కనిపిస్తున్నారు. పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలు, కార్బన్ క్రెడిట్ కంపెనీలు, ఆ కంపెనీల లెక్కల్ని తనిఖీ చేసే ఆడిట్ సంస్థలు, ఉపగ్రహ చిత్రాల పని చేసే స్టార్టప్‌లు వాళ్లకు చోటిస్తున్నాయి. వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఏ మోడల్ నేర్చుకోవాలి?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. మడిలో నీళ్లు ఎన్నాళ్లున్నాయి, అందులో గడ్డి ఎంత కలిసింది అన్నవి తెలియకపోతే ఏ మోడలైనా ఒకటే.

ఈ రంగానికి మన దేశంలో ఒక పాత కథ ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే దాన్ని తెలుసుకోవాలి. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం భారతదేశపు వరి పొలాలు ఏడాదికి 37.8 మిలియన్ టన్నుల మీథేన్ వదులుతున్నాయి. అమెరికా, ఐరోపా పొలాల్లో కొలిచిన విలువలను మన విస్తీర్ణానికి వర్తింపజేస్తే వచ్చిన అంకె అది. 1991లో భౌతిక శాస్త్రవేత్త ఎ.పి. మిత్ర చొరవతో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దేశంలోని వేర్వేరు వరి ప్రాంతాల్లో మడుల్లో వాయువును పట్టే పెట్టెలు పెట్టి కొలిపించింది. తేలినది సుమారు 4 మిలియన్ టన్నులు. తొమ్మిది రెట్ల తేడా! గుణకారంలో తప్పేమీ లేదు. గుణించిన విలువ మన పొలాలది కాదు, అంతే.

బురదలో జరిగేది టూకీగా చెబుతాను. ఇది తెలియకుండా మోడల్ ముందు కూర్చుంటే అన్నీ మీటలే కనిపిస్తాయి, ఏది దేనికో తెలియదు. దమ్ము చేసి నీరు పెట్టగానే నేలలోని సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. అదయ్యాక వరసగా నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్ వంతు వస్తుంది. ఇవన్నీ తరిగాకే మీథేన్ తయారుచేసే జీవులకు అవకాశం. అందుకే ఇనుము ఎక్కువున్న ఎర్రనేలల్లో మీథేన్ ఆలస్యంగా మొదలవుతుంది. సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లో సల్ఫేట్ దాన్ని అణచిపెడుతుంది. మడి ఒకసారి ఆరితే నేలలోకి గాలి దూరి ఇనుము మళ్లీ తుప్పు రూపానికి వస్తుంది, అయిపోయిన ఫోను మళ్లీ చార్జింగ్ ఎక్కినట్టు. తిరిగి నీరు పెట్టినా ఆ చార్జింగ్ దిగేదాకా మీథేన్ పుంజుకోదు. తాత చెప్పిన ఐదు రోజులకు అంత విలువ ఉండటానికి కారణం ఇదే.

తయారైన మీథేన్‌లో కొంత నేల పైపొరలో, వేళ్ల చుట్టూ ఉన్న మరో రకం జీవులకు ఆహారమైపోతుంది. మిగిలినదాంట్లో సింహభాగం, ఒక్కోసారి 90 శాతం దాకా, వరి మొక్కలోని గాలి గొట్టాల గుండానే బయటికి వస్తుంది. కాబట్టి కొలిచే పెట్టెను కుదుళ్ల మీద పెట్టాలి. వరసల మధ్య ఖాళీలో సులువుగా పడుతుందని అక్కడ పెట్టి, "మీథేన్ పెద్దగా లేదు సార్" అని ఫోన్ చేసిన కుర్రాడు నాకు తెలుసు.

ఇక పని. మోడల్ డౌన్‌లోడ్ చేసుకునే ముందు ఎక్సెల్ తెరవండి. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం, అందరూ ఐపీసీసీ అనేది, 2019లో సవరించి ఇచ్చిన గుణకాలు ఉన్నాయి. దక్షిణాసియాకు మూల విలువ హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్. సీజనంతా నీరు నిలిచి, ఎరువుగా గడ్డీ గాదం ఏదీ వేయని పొలానికి ఇది వర్తిస్తుంది. నాటిన పంట 120 రోజులు ఉందనుకుంటే 102 కిలోలు. సీజన్ మధ్యలో ఒకసారి ఆరితే 0.71తో, పలుమార్లు ఆరితే 0.55తో గుణిస్తాం. ఆరడం అంటే ఏదో ఒక పూట నీరు తగ్గడం కాదు, మూడు రోజులకు పైగా నేలకు గాలి తగలాలి. కోతకు ముందు నీరు ఆపడాన్ని ఇందులో కలపకూడదు. కొత్తవాళ్లు తరచూ కలిపేస్తారు.

తర్వాత గడ్డి. మిషను కోత కోశాక మడిలో మిగిలిన కొయ్యలు, గడ్డి నాట్లకు నెల లోపలే దున్ని కలిపితే దాని గుణకం 1. నెలకు మించి ముందే కలిపితే 0.19 మాత్రమే. హెక్టారుకు రెండున్నర టన్నుల ఎండుగడ్డి అనుకుందాం, ఎకరాకు ఇంచుమించు ఒక టన్ను. ఈ టన్నులను గడ్డి గుణకంతో గుణించి, దానికి ఒకటి కలిపి 0.59వ ఘాతానికి ఎక్కించాలి. వచ్చినదాంతో 102ను గుణించాలి. ముందే కలిపిన మడిలో 102 కాస్తా 128 అవుతుంది. నాట్ల ముందు కలిపినదాంట్లో దాదాపు 214. ఇప్పుడు ఆ రెండో మడిలో రైతు ఎంతో కష్టపడి పలుమార్లు ఆరబెట్టాడనుకోండి, 0.55తో గుణిస్తే 117 దాకా వస్తుంది. గడ్డి కలపకుండా సీజనంతా నీరు నిలిపిన పక్క మడి కన్నా ఎక్కువే!

ఈ లెక్కను ఒక్కసారి మీ చేత్తో మీరు వేస్తే ఫారంలో ఏం అడగాలో దానంతటదే తెలుస్తుంది. వానాకాలం కోత నవంబరులో అయిపోయి, డిసెంబరు, జనవరిలో యాసంగి నాట్లు పడే చోట గడ్డి కుళ్లడానికి వ్యవధి ఉండదు. కాల్చారా, కట్టలు కట్టి అమ్మారా, రొటావేటర్‌తో కలిపేశారా, ఎన్ని రోజుల ముందు కలిపారు అన్న నాలుగు ముక్కలు లేని డేటా నా బల్ల మీదికొస్తే తిరిగి పంపేస్తాను. ఈ గుణకాలు దేశాల సగటు లెక్కల కోసం చేసినవి, ఒక్క మడికి వాడితే తప్పొచ్చే అవకాశం బాగా ఉంది. అయినా ఈ ఎక్సెల్ పేజీని దగ్గరే ఉంచుకోండి. మేస్త్రీ చేతిలో తూకపు గుండు లాంటిది. పెద్ద మోడల్ ఎప్పుడైనా దీనికి నాలుగు రెట్లు చూపిస్తే ముందు మీ ఇన్‌పుట్ ఫైలును అనుమానించండి.

నీటి సంగతి రైతును తేదీలతో అడిగితే రాదు, సంఘటనలతో అడగాలి. మోటరు ఎన్నిసార్లు కాలింది? కాలవ ఎప్పుడు బందైంది? కలుపు మందు కొట్టేటప్పుడు మడి ఎలా ఉంది? యూరియా చల్లే ముందు నీరు తగ్గించారా? సుడిదోమ వచ్చినప్పుడు ఆరబెట్టారా? పెళ్లికో చావుకో ఊరెళ్లి ఎన్ని రోజులు మడి చూసుకోలేదు? ఇలా అడిగితే నాలుగు నెలల కథ పదిహేను నిమిషాల్లో బయటికొస్తుంది. రైతు మాటతో ఆగకండి. తెలంగాణలో చెరువు కింద నీరటి ఉంటాడు, డెల్టాలో కాలవ మీద లస్కరు ఉంటాడు. తూము ఎప్పుడు ఎత్తారో ఎప్పుడు దించారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాగార్జునసాగర్ ఆయకట్టులో ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో, అంటే కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపుతూ, నీరు వదిలిన ఏడాది ఉంటే ఆ తేదీలు జిల్లా పేజీల్లో కూడా అచ్చయి ఉంటాయి.

ఇంకొకటి, కరెంటు. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఆటో స్టార్టర్ పెట్టుకున్న మోటరు కరెంటు ఉన్నంతసేపూ తోడుతూనే ఉంటుంది, మడి ఆరే ప్రసక్తే లేదు. అదే ఊళ్లో నీరు త్వరగా ఇంకే చెల్క నేల మీద, ఊట తగ్గిన బోరు కింద మడి వారానికోసారి ఆరిపోతుంది. రెండూ రికార్డులో "బోరు కింద వరి" అనే ఒకే వరసలో ఉంటాయి. డెల్టాలో దీనికి తిరగేసిన కథ. పై మడి నీరు కింది మడిలోకి దిగే చోట, మురుగు కాలవ ఎగదన్నే చోట రైతు ఆరబెట్టాలనుకున్నా మడి ఆరదు.

వీలైతే సీజన్ మొదట్లోనే కొన్ని మడుల్లో నీటి గొట్టం పాతించండి. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్క, కింది 20 సెంటీమీటర్లకు చిల్లులు, ఆ చిల్లుల భాగం నేలలో. లోపలి నీటి మట్టాన్ని స్కేలుతో రోజూ చూసి రాసుకోవాలి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే తడిపి ఆరబెట్టే పద్ధతిలో మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ నీరు పెడతారు, పూత దశలో మాత్రం నీరు నిలుపుతారు. మీకు ఆ గొట్టం పద్ధతి కోసమే కాదు, సాక్ష్యం కోసం కూడా కావాలి.

ఉపగ్రహం ఉందిగా అంటారు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్లు. ఉంది. సెంటినెల్-1 రాడార్ మబ్బుల్లోంచి కూడా నాట్ల నాటి నీటిని చక్కగా పట్టిస్తుంది. పిలకలు తొడిగి ఆకు కమ్ముకున్నాక కింద నీరుందో లేదో దానికి అంతగా అందదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లోని ఎల్-బ్యాండ్ రాడార్ పైరు కిందికి ఇంకాస్త చూడగలదు. కానీ అది ఒకే చోటికి అదే దారిలో తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది, ఆ లోపు ఒక చెల్క మడి ఆరి, తడిసి, మళ్లీ ఆరవచ్చు. డైరీ నిజమో కాదో చూసుకోవడానికి ఉపగ్రహాన్ని వాడండి. డైరీ మానేయడానికి వాడకండి.

కొలత రోజు సంగతి. ఆఫీసులో మోడల్ నడపడమే మీ ఉద్యోగమైనా, ఒక సీజన్‌లో కనీసం రెండుసార్లు చాంబర్, అంటే కొలిచే పెట్టె, బృందంతో మడిలోకి దిగాలి. ఉదయం పది గంటల ప్రాంతంలో కొలుస్తారు, రోజు సగటుకు ఆ సమయం దగ్గరగా ఉంటుందని. కుదుళ్లను కప్పేలా పారదర్శకమైన పెట్టె దింపి, లోపల చిన్న ఫ్యాను తిప్పి, సున్నా, పదిహేను, ముప్పై నిమిషాలకు సిరంజితో గాలి లాగి సీసాల్లో నింపుతారు. ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అంకె చెబుతుంది. బయటి గాలిలో మీథేన్ 2 పీపీఎం, అంటే పది లక్షల్లో రెండు భాగాల లోపే. సున్నా నిమిషాల సీసాలోనే 9 ఉందంటే పెట్టె దింపేటప్పుడు ఎవరో బురదలో కాలు వేసి బుడగలు లేపారన్నమాట. పెట్టె దాకా చెక్క పలక వేసి దాని మీద నడవమనేది అందుకే. ఆ అంకెను గ్రాఫులో చూసి గుర్తుపట్టడం, మడిలో కాలు జారి చూసినవాడికే వస్తుంది.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను. మీటరు ఎత్తు పెట్టెలో అరగంటలో 2 నుంచి 8 పీపీఎంకు పెరిగింది, లోపల 30 డిగ్రీలు. గంటకు 12 పీపీఎం. దాన్ని వాయువు ఘనపరిమాణం నుంచి బరువులోకి, ఆ ఉష్ణోగ్రతకు సరిచేస్తే చదరపు మీటరుకు గంటకు 7.7 మిల్లీగ్రాములు. 0.24తో గుణిస్తే హెక్టారుకు రోజుకు కిలోలు, అంటే 1.85. ఈ 0.24ను బల్ల మీద రాసి అంటించుకోండి.

వారానికోసారి కొలిచే చోట ఒక ఉచ్చు ఉంది. మడి ఆరడం మొదలైన రోజున, నేలలో ఇరుక్కున్న వాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. మీ కొలత సరిగ్గా ఆ రోజు పడితే, దాన్ని అటూ ఇటూ వారాలకు గీత గీసి కలిపేస్తే సీజన్ మొత్తం ఉబ్బిపోతుంది. పడకపోతే ఆ ఉబ్బు మీకు తెలియనే తెలియదు. నీటి డైరీ పక్కన పెట్టుకుని గీత గీయాలి.

యూనిట్ల దగ్గర నేను తిన్న దెబ్బ చెప్పాలి. డీఎన్‌డీసీ అనే మోడల్ మీథేన్‌ను అందులోని కార్బన్ బరువుగా ఇస్తుంది. మీథేన్ బరువు కావాలంటే 16ను 12తో భాగించి గుణించాలి. నేను గుణించలేదు. నాలుగో వంతు తక్కువ అంకెతో ఒక నివేదిక అచ్చు దాకా వెళ్లింది, ముందు రోజు రాత్రి నా పై అధికారి కంట పడింది కాబట్టి సరిపోయింది. అలాగే మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ సమానంగా మార్చే గుణకం ఐపీసీసీ నివేదికను బట్టి 25, 28, 27 అని మారింది. ఏది వాడారో పక్కనే రాయకపోతే మీ టేబుల్ పనికిరాదు. ఊరి కొలతలూ అంతే. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, 50 కాదు. అందులో నత్రజని 20.7 కిలోలు. వడ్ల బస్తా డెల్టాలో 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రంలో 40. దిగుబడి తప్పితే మోడల్లో వేళ్ల బరువు తప్పుతుంది, ఆ వెంటే మీథేన్.

ఇప్పుడు మోడల్. చాంగ్‌షెంగ్ లీ 1990ల మొదట్లో రూపొందించిన డీఎన్‌డీసీ, కొలరాడో నుంచి వచ్చిన డేసెంట్, జపాన్‌లో వరి కోసం మార్చుకున్న డీఎన్‌డీసీ-రైస్ ఎక్కువగా కనిపిస్తాయి. డీఎన్‌డీసీని భారత పొలాలకు సరిచేసి దేశం మొత్తానికి విస్తరించిన పాఠక్, లీ, వాస్మన్‌ల 2005 నాటి వ్యాసం చదవండి. ఏది సరిచేశారు, ఎందుకు అన్నది చూడటానికి అది మంచి పాఠం. సొంతంగా చేసేటప్పుడు మీథేన్ గీతను కలపాలన్న ఆత్రంతో నేరుగా మీథేన్ మీటల మీద చేయి వేయకండి. ముందు దిగుబడి, గడ్డి బరువు కలవాలి. తర్వాత నీటి మట్టం, నేల స్థితి. మీథేన్ ఆఖరున. సాంబమసూరి లాంటి ఎక్కువ కాలపు రకానికీ ఎంటీయూ 1010 లాంటి తక్కువ కాలపు రకానికీ ఒకే పంట ఫైలు వాడితే ఇరవై, ముప్పై రోజుల మీథేన్ గాల్లో కలిసిపోతుంది. సరిచేయడానికి వాడిన పొలాలను పరీక్షించడానికి వాడొద్దు. ఆర్-స్క్వేర్ 0.8 అని మురిసిపోయే ముందు సీజన్ మొత్తంలో ఎన్ని కిలోలు ఎక్కువో తక్కువో చూడండి. జీతం ఇచ్చేవాళ్లకు కావాల్సింది ఆ కిలోలే.

కార్బన్ క్రెడిట్ల వైపు ఉద్యోగమైతే ఒత్తిడి ఎక్కడ పడుతుందో ముందే తెలిసి ఉండాలి. క్రెడిట్ అంటే "లేకపోతే ఇంత వచ్చేది" అనే ఊహకూ, వచ్చినదానికీ తేడా. ఆ ఊహను ఎంత పెంచితే అంత డబ్బు. "ఇక్కడ రైతులందరూ సీజనంతా నీరు నిలుపుతారు" అన్న వాక్యం మీ సంతకం కోసం వస్తుంది. ఆయకట్టు చివరి భూముల్లో ఏటా మడులు వాటంతటవే ఆరుతున్నాయని మీ డైరీ చెబుతూ ఉంటుంది. సంతకం పెట్టకండి. నీతి మాట పక్కన పెట్టినా, పట్టుబడతారు. 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను వెర్రా అనే క్రెడిట్ రిజిస్ట్రీ తిరస్కరించింది. 2025లో అది తెచ్చిన కొత్త పద్ధతిలో మోడల్ వాడాలంటే స్థానిక కొలతలతో దాన్ని నిరూపించాలి, స్వతంత్ర నిపుణుడు పరిశీలించాలి. ఆ పరిశీలన పని కూడా ఒక ఉద్యోగమే. ప్రవేశం కష్టం గానీ, ఈ రంగంలో కాస్త కంటినిండా నిద్రపట్టే ఉద్యోగం అదేనని నా అభిప్రాయం.

ఉద్యోగం కోసం వెతుకుతున్నవాళ్లకు ఒక మాట. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, మారుటేరు పరిశోధన కేంద్రం, కటక్‌లోని వరి పరిశోధన సంస్థ లాంటి చోట్ల ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు చూస్తూ ఉండండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల దొంతర కన్నా, మీ ఇంటి మడిదో మేనమామ మడిదో ఒక సీజన్ నీటి డైరీ, దాని పక్కన మీ ఎక్సెల్ లెక్క, అదే మడికి మోడల్ ఇచ్చిన అంకె, మూడూ ఎందుకు కలవలేదో అరపేజీ రాసి తీసుకెళ్లండి. నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో అలాంటి అరపేజీ తెచ్చినవాళ్లు ఇద్దరే. ఇద్దరినీ తీసుకున్నాం.

మా ఫారం మారింది. "నీరు తీసిన తేదీ" తీసేసి, "మడి ఆరిన రోజులు, ఎందుకు ఆరింది" అని రెండు గడులు పెట్టాం. ఖాళీ వదిలితే మొబైల్ యాప్ ముందుకు కదలదు. పాత ఫారాలన్నిటి కోసం మళ్లీ ఊళ్లు తిరిగాం, మూడు వారాలు పట్టింది. తాత మడి ఎక్సెల్ లెక్కలో 102 నుంచి 72కి దిగింది. కారణం అన్న గడిలో మా కుర్రాడు ఆయన మాటే రాశాడు: మోటరు కాలింది.